తప్పు చూసీ నోరెత్తని జాక్స్‌బీ: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

ట్యాగులతో రాసే ఎక్స్ఎంఎల్ ఫైలును జావా ఆబ్జెక్ట్‌లుగా మార్చే లైబ్రరీ జాక్స్‌బీ (JAXB) మీద నాకున్న కోపం ఒక్కటే. ఫైలులో తప్పు కళ్లెదుట కనిపిస్తున్నా అది నోరెత్తదు. స్టార్టప్‌లో కాస్త సమయం తినడం, క్లాసుల్లో జావా ఇంటర్‌ఫేస్‌లు కనిపిస్తే మొరాయించడం లాంటివన్నీ సర్దుకుపోవచ్చు. సర్వర్ ఎలా నడవాలో చెప్పే డిప్లాయ్‌మెంట్ ఫైలును చదివే పని అప్పగించినప్పుడు మాత్రం ఈ మౌనం భరించలేనిది.

క్లాసులోని ఫీల్డ్‌ను ఫైలులోని ఎలిమెంట్‌కు (ట్యాగుకు) కలిపే యానొటేషన్లు ఎలా పెట్టాలో, ఎక్స్‌జేసీ అనే టూల్‌తో క్లాసులు ఎలా పుట్టించాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. మా వాడకం ఏమిటో మాత్రం చెప్పాలి. పెద్ద జావా అప్లికేషన్, ప్రతి ఎన్విరాన్‌మెంట్‌కూ ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు. కనెక్షన్ పూల్ సైజులు, క్యూ పేర్లు, బయటి సర్వీసుల అడ్రస్‌లు, టైమౌట్‌లు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ ఫైలును దిద్దేది డెవలపర్లు కాదు, డిప్లాయ్‌మెంట్ టీమ్. అదీ చేత్తోనే.

మొదట్లో నాకు జాక్స్‌బీ అంటే మహా ఇష్టం. అంతకుముందు ఫైలు మొత్తాన్ని మెమరీలో పరిచే డామ్ చెట్టులో ఒక్కో నోడ్‌నూ వెతికి, టెక్స్ట్ తీసి, అటూ ఇటూ ఖాళీలు కత్తిరించి, నంబరుగా మార్చే కోడ్ పేజీలకు పేజీలు ఉండేది. దాని స్థానంలో నాలుగు చిన్న క్లాసులు వచ్చాయి. క్లాసు చూస్తే ఫైలు ఎలా ఉంటుందో తెలిసిపోయేది. అప్పట్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా ఇదే వాడమని చెప్పాను.

ఇక అసలు సంగతి. బయటి సర్వీస్ ఒకటి అప్పుడప్పుడూ జవాబు ఇవ్వకుండా ఉండిపోయేది. అది పాత సమస్యే, అందుకే ముప్పై సెకన్ల టైమౌట్ పెట్టుకున్నాం. ఒక రిలీజ్ తర్వాత ఆ సర్వీస్ మళ్లీ మొండికేసింది. ఈసారి మాత్రం టైమౌట్ పనిచేయలేదు. థ్రెడ్లు (ఒకేసారి పక్కపక్కన నడిచే పనులు) ఒక్కొక్కటిగా ఇరుక్కుపోయి, పూల్ నిండిపోయి, మొత్తం అప్లికేషన్ నిలిచిపోయింది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. ఏ థ్రెడ్ ఎక్కడుందో చూపే థ్రెడ్ డంప్ తీస్తే అన్నీ నెట్‌వర్క్ జవాబు కోసం సాకెట్ రీడ్ దగ్గరే కూర్చుని ఉన్నాయి. ఫైర్‌వాల్ అన్నారు, నెట్‌వర్క్ అన్నారు, లైబ్రరీ వెర్షన్ మారిందన్నారు. కాన్ఫిగ్ ఫైలును ముగ్గురు నలుగురు చూశారు, అందరూ బాగానే ఉందన్నారు.

చూడ్డానికి నిజంగానే బాగుంది. పాత ఫైలులో టైమౌట్ దగ్గర ఉత్త 30 ఉండేది. అది సెకన్లో మిల్లీసెకన్లో ఎవరికీ అర్థం కావడం లేదని, డిప్లాయ్‌మెంట్ టీమ్‌లో ఒకాయన మంచి ఉద్దేశంతోనే దాని పక్కన సెకన్లకు గుర్తుగా ఎస్ అనే అక్షరం చేర్చాడు. మనిషి కంటికి అది ఇంకా స్పష్టంగా ఉంది. మా క్లాసులో ఆ ఫీల్డ్ మామూలు ఇంట్, అంటే నంబరు మాత్రమే పట్టే రకం. అక్షరం తగిలేసరికి జాక్స్‌బీ దాన్ని నంబరుగా మార్చలేకపోయింది. మార్చలేకపోయినప్పుడు అది ఒక ఈవెంట్ తయారుచేస్తుంది, కానీ వినడానికి మనం హ్యాండ్లర్ (ఈవెంట్‌ను అందుకునే కోడ్) పెట్టకపోతే ఆ ఈవెంట్‌ను గాలికి వదిలేసి ముందుకు వెళ్లిపోతుంది. ఫీల్డ్ సున్నాగానే మిగిలింది. సెకన్లను మిల్లీసెకన్లు చేయడానికి సున్నాను వెయ్యితో హెచ్చవేసినా సున్నానే. జావా సాకెట్‌కు టైమౌట్ సున్నా ఇస్తే దాని అర్థం వెంటనే వదిలేయమని కాదు, ఎప్పటికీ ఎదురుచూడమని! గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవడమంటే ఇదే.

అదే ఫీల్డ్‌కు 60 అని ముందే విలువ పెట్టి ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం. ఫైలులో 30 కనిపిస్తుంది, లోపల 60 నడుస్తుంది, ఎవరికీ అనుమానం కూడా రాదు. ఇంట్ బదులు ఇంటీజర్ ఆబ్జెక్ట్ అయితే నల్ (ఏ విలువా లేకపోవడం) మిగిలి, హెచ్చవేసే చోట నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌తో స్టార్టప్‌లోనే కూలిపోయేది. ఇంతకన్నా అదే వెయ్యి రెట్లు నయం.

ఇది బగ్ కాదు, కావాలని చేసిన డిజైన్. 2006లో వచ్చిన జాక్స్‌బీ 2.0 నుంచీ తెలియని ఎలిమెంట్లను, మారని విలువలను దాటేసి వీలైనంత చదవడమే పద్ధతి. కొత్త వెర్షన్ పంపిన సందేశాన్ని పాత ప్రోగ్రామ్ కూడా చదవగలగాలన్నది దాని వెనకున్న ఆలోచన. రెండు సిస్టమ్‌లు మాట్లాడుకునే చోట అది మంచి ఆలోచనే. కాన్ఫిగ్ ఫైలు అలాంటిది కాదు కదా. అందులో తెలియని మాట ఉందంటే పదిలో తొమ్మిదిసార్లు అది స్పెల్లింగ్ తప్పే.

నేమ్‌స్పేస్‌ల (ఎలిమెంట్ పేరు ఏ గుంపుకు చెందిందో చెప్పే గుర్తుల) దగ్గరా ఇదే తంతు. రూట్ ఎలిమెంట్ నేమ్‌స్పేస్ తేడా వస్తే కనీసం అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎలిమెంట్ అని అరుస్తుంది. లోపలి పిల్ల ఎలిమెంట్లకు తేడా వస్తే చడీచప్పుడూ ఉండదు, ఆబ్జెక్ట్ నిండా నల్స్. జావా వెబ్ అప్లికేషన్ల సెట్టింగులుండే వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్ లాంటి ఫైళ్లను సొంతంగా చదవాలనుకునేవాళ్లు జాగ్రత్త: జావా సర్వర్ ప్రమాణాల వెర్షన్లు జే2ఈఈ 1.4, జావా ఈఈ 5, జావా ఈఈ 7, జకార్తా ఈఈ 9, ఇన్నిచోట్లా ఆ నేమ్‌స్పేస్ మారుతూ వచ్చింది.

మందు లేకపోలేదు. జాక్స్‌బీలో ఫైలును చదివే భాగమైన అన్‌మార్షలర్‌కు ఒక ఈవెంట్ హ్యాండ్లర్ ఇచ్చి, అందులో ఫాల్స్ తిప్పి పంపితే చాలు, తొలి తప్పు దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడే నాకు నచ్చిన విషయం కూడా ఉంది. ఈవెంట్‌తో పాటు లొకేటర్ వస్తుంది, అందులో తప్పు ఏ లైనులో, ఏ కాలమ్‌లో ఉందో ఉంటుంది. డిప్లాయ్‌మెంట్ టీమ్‌కు ఆ లైను నంబరు చూపించే మెసేజ్ రాసి పెట్టాక ఫోన్‌కాల్స్ బాగా తగ్గాయి. చేత్తో రాసిన డామ్ కోడ్‌లో ఈ సుఖం ఎప్పుడూ లేదు.

అయితే ఈ హ్యాండ్లర్‌ను కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. తప్పు ఫైళ్లు ఇచ్చి, అన్నీ ఆగుతున్నాయో లేదో చూసే టెస్టులు వరసగా రాశాం. మొదటివి పాసయ్యాయి, ఆఖరివి ఫెయిలయ్యాయి. వరస మార్చి నడిపితే వేరేవి ఫెయిలయ్యాయి. తవ్వితే తేలింది ఏమిటంటే, తర్వాతి వెర్షన్ల రన్‌టైమ్‌లో పది దాకా లెక్కపెట్టే కౌంటర్ ఒకటుంది. అది ఒక్కో ఫైలుకు కాదు, మొత్తం జేవీఎంకు (జావా ప్రోగ్రామును నడిపే ప్రాసెస్‌కు) ఒక్కటే. అది అయిపోయాక తెలియని ఎలిమెంట్ల లాంటి తప్పుల్ని హ్యాండ్లర్‌కు చెప్పడం మానేస్తుంది. అన్నీ కావాలంటే దాని లాగర్‌ను అన్నిటికన్నా వివరమైన ఫైనెస్ట్ లెవెల్‌లో పెట్టుకోవాలట! స్టార్టప్‌లో ఒక్కసారి చదివేవాళ్లకు ఇది తగలదు. నడుస్తుండగానే కాన్ఫిగ్‌ను మళ్లీ మళ్లీ చదివేవాళ్లకు తగులుతుంది.

అందుకే చివరికి స్కీమా (ఫైలులో ఏది ఎలా ఉండాలో చెప్పే నియమాల ఫైలు) కూడా తగిలించాం. అన్‌మార్షలర్‌కు స్కీమా ఇస్తే తనిఖీ చేసేది వేరే వాలిడేటర్ కాబట్టి ఆ కౌంటర్ గొడవ లేదు. తగిలించిన రోజే ఏళ్లుగా నడుస్తున్న ఫైళ్లు సగం ఫెయిలయ్యాయి. జాక్స్‌బీ ఎలిమెంట్ల వరస పట్టించుకోదు, స్కీమాలో సీక్వెన్స్ అని ఉంటే వాలిడేటర్ ఊరుకోదు. ఏది ముందు, ఏది వెనక అని ఫైళ్లన్నీ సర్దడానికే చాలా పని పట్టింది. ఆ సర్దుడులో, ఏళ్లుగా ఎవరూ చదవని సెట్టింగులు కూడా బయటపడ్డాయి. అవి పనిచేస్తున్నాయనే అందరం అనుకుంటున్నాం.

జావా 11 సంగతి క్లుప్తంగా. 2018లో జాక్స్‌బీని జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) నుంచి తీసేశారు, ఇప్పుడు డిపెండెన్సీగా పెట్టుకోవాలి. జాక్స్‌బీ 3.0 నుంచి ప్యాకేజీ పేరు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారింది. పాత యానొటేషన్లున్న క్లాసును కొత్త రన్‌టైమ్‌కు ఇస్తే వాటిని అసలు గుర్తించదు. ఎదురుచూసిన ఎలిమెంట్లు ఏవీ లేవంటూ ఒక వింత మెసేజ్ ఇస్తుంది. ఆ మెసేజ్ కనిపిస్తే ముందు ఇంపోర్టులు చూడండి.

మళ్లీ మొదటి నుంచి రాస్తే ఇదే వాడతానా? తేల్చి చెప్పలేను. జావా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్ తన ఫైళ్లను డైజెస్టర్ అనే మరో లైబ్రరీతో చదువుతుంది. దాని కోడ్ చూడ్డానికి అందంగా ఉండదు కానీ, తెలియని ప్రాపర్టీ రాస్తే సరిపోయే ప్రాపర్టీ దొరకలేదని లాగ్‌లో ఒక హెచ్చరికైనా పడేస్తుంది. ఇలాంటి మరో లైబ్రరీ జాక్సన్ 2 అయితే తెలియని ప్రాపర్టీ కనిపించగానే డిఫాల్ట్‌గా ఎక్సెప్షన్ విసురుతుంది. మా ఫైళ్లను మనుషులు దిద్దుతారు కాబట్టి నాకు అలాంటి స్వభావమే కావాలి. మీ ఫైళ్లను ఏదో టూల్ తయారుచేస్తుంటే, స్కీమా ముందే చేతిలో ఉంటే నా కోపం మీకు వర్తించకపోవచ్చు. మేమైతే స్కీమా, హ్యాండ్లర్ రెండూ పెట్టుకుని దీన్నే నడుపుతున్నాం. మార్చాలంటే క్లాసులన్నీ మళ్లీ రాయాలి, దానికి ప్రస్తుతం మా దగ్గర మనుషులు లేరు.