బోరు మోటారు ఎందుకు కాలింది? ఐదు 'ఎందుకు'లు, ఫాల్ట్ ట్రీ, లూపు: నేర్చుకోవడానికి ఏది మేలు?

సమస్య మూలం పట్టడం నేర్చుకోవాలంటే ముందు ఏ పద్ధతి పట్టుకోవాలని ఇంజనీరింగ్ పిల్లలు అడుగుతుంటారు. నిర్వచనాలు చదివితే అన్నీ మంచివే అనిపిస్తాయి. అందరికీ తెలిసిన గొడవ ఒకటి తీసుకుందాం: బోరు మోటారు కాలిపోవడం.

టయోటా వాళ్ళ 'ఐదు ఎందుకులు'కి కాగితం కూడా అక్కర్లేదు, వచ్చిన ప్రతి జవాబునీ మళ్ళీ 'ఎందుకు?' అని అడుగుతూ పోవడమే. మోటారు ఎందుకు ఆగింది? వైండింగ్ (లోపలి తీగచుట్ట) కాలింది. ఎందుకు? కరెంటు తెచ్చే మూడు ఫేజుల్లో ఒకటి పోయి, మిగిలిన రెండింటి మీదే నడుస్తూ కరెంటు ఎక్కువ లాగింది. ఫేజు ఎందుకు పోయింది? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయింది. ఇంకేం, తప్పంతా కరెంటోళ్ళదే, ఇంటికి పోవచ్చు! ప్రతి ప్రశ్నకీ ఒక్క జవాబే తీసుకుంటాం కాబట్టి వచ్చిన చిక్కు ఇది. ఇవే ప్రశ్నలు మెకానిక్ వేసుకుంటే ఇంకోచోట తేలతాడు.

ఫాల్ట్ ట్రీ 1962లో అమెరికాలో, మినిట్‌మన్ క్షిపణి ప్రయోగ వ్యవస్థ కోసం బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. క్షిపణి పద్ధతి మోటారుకెందుకు అంటారేమో, నాకైతే దీనంత పనికొచ్చింది లేదు. పైన 'వైండింగ్ కాలింది' అని రాసి, కింద దారులన్నీ గీస్తాం: ఫేజు పోవడం, లో వోల్టేజ్, పంపు ఇసుకతో బిగుసుకోవడం, బోరులో నీళ్ళు అడుగంటడం. దారులు కలిసే చోటుని గేటు అంటారు; వీటిలో ఏదైనా చాలు కాబట్టి ఇది 'లేదా' గేటు. అయితే ఫేజు పోయినంత మాత్రాన మోటారు కాలదు. స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే సరిగా ఉంటే, కరెంటు ఎక్కువ లాగుతోందని చూసి ముందే ఆపేస్తుంది. ఫేజు పోవాలి, రిలే కూడా పనిచేయకుండా ఉండాలి: ఇది 'మరియు' గేటు. ఐదు ఎందుకుల్లో ఈ రెండో కాలు కనిపించనే లేదు. నీళ్ళు అడుగంటిన కొమ్మ మరీ తమాషా. నీళ్ళు లేక పంపు మీద బరువు తగ్గుతుంది, మోటారు లాగే కరెంటూ తగ్గుతుంది. రిలేకి అంతా బాగున్నట్టే ఉంటుంది, లోపల చల్లబరిచే నీళ్ళు లేక వైండింగ్ ఉడుకుతుంటుంది. దానికి వేరే డ్రై రన్ రక్షణ (నీళ్ళు లేకుండా నడిస్తే ఆపేసేది) కావాలి. గీస్తే తప్ప ఈ తేడా తోచదు.

ట్రీకీ ఒక లోపం ఉంది. అది కిందికే పోతుంది, చుట్టు తిరగదు. కరెంటు రాగానే మోటారును తనంతట తానే ఆన్ చేసే ఆటో స్టార్టర్లనే చూడండి. కరెంటు రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు ఒక్కోటి మామూలుకి ఐదారు రెట్లు లాగుతుంది. వోల్టేజ్ పడిపోతుంది, రిలే ట్రిప్ అవుతుంది. ఊరికే పడిపోతోందని రైతు రిలే సెట్టింగ్ పెంచేస్తాడు, లేదా తప్పించి డైరెక్ట్ ఇచ్చేస్తాడు. తర్వాత ఏమవుతుందో ట్రీలో చూశాం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. కానీ 'నేనొక్కణ్ణే తీస్తే నీళ్ళు పక్కవాడి బోరుకే పోతాయి కదా!' అనుకుంటాడు రైతు. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ చుట్టు తిరిగే సుడిని, అంటే లూపుని, గీయడానికే ఎంఐటీలో జే ఫారెస్టర్ 1950ల్లో మొదలుపెట్టిన సిస్టమ్ డైనమిక్స్ పనికొస్తుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకు నా ఓటు ఫాల్ట్ ట్రీకే. ఐదు ఎందుకులు వర్క్‌షాప్‌లో చిన్న లోపాలకు చాలు. లూపుతో మొదలుపెడితే అన్నీ అన్నిటికీ కారణమే అనిపించి చేతులు ఆడవు. ఒకే సీజన్‌లో అదే మోటారు రెండోసారి రీవైండింగ్‌కి వచ్చిందా, అప్పుడు ట్రీ పక్కనపెట్టి, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని ఆటో స్టార్టర్లున్నాయో లెక్కపెట్టండి.