బాసెల్ యూరోవిజన్: శుక్రవారం టికెట్, పై వరస సీటు

తిరుపతిలో మైక్ సెట్లు, లైటింగు, స్టేజీ పని చేసేవాళ్లకి మే నెలలో ఊపిరి సలపదు. గంగ జాతర ఒకపక్క, పెళ్లి ముహూర్తాలు ఇంకోపక్క. ఎక్కువగా యూరప్ దేశాలు దేశానికో పాటతో తలపడే, టీవీలో ప్రసారమయ్యే యూరోవిజన్ పాటల పోటీ కూడా ఏటా ఆ నెలలోనే పడుతుంది. అయినా వారం రోజుల ఆదాయం వదులుకుని వెళ్లి చూడదగిన పని అది. 2025లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో మే 13, 15, 17 తేదీల్లో జరిగిన పోటీ మీద మా బేరీజు ఇది. పాటల అభిమానులకి కాదు, స్టేజీ వెనక చేతులు నలిగేవాళ్లకి రాస్తున్నాం.

ముందుగా టికెట్. శనివారం రాత్రి ఫైనల్ దొరకలేదని దిగులు పడాల్సిన పని లేదు. జనం టీవీలో చూసేది మూడు షోలే (రెండు సెమీఫైనల్స్, ఒక ఫైనల్) అయినా హాల్లో జరిగేవి తొమ్మిది. ప్రతి ప్రసారానికీ ముందురోజు రాత్రి ఒకటి, అదే రోజు మధ్యాహ్నం ఒకటి పూర్తి రిహార్సల్ షోలుంటాయి. వాటికీ టికెట్లు అమ్ముతారు, ధర తక్కువ. ఆ రిహార్సల్స్‌లో దుస్తులు, లైట్లు, నిప్పురవ్వలు, యాంకర్ల మాటలతో సహా అన్నీ అసలు షోలో ఉన్నట్టే ఉంటాయి. తేడా ఒక్కటే, చివర్లో చదివే మార్కులు ఉత్తుత్తివి. వీటిలో శుక్రవారం రాత్రి షోకి ఒక ప్రత్యేకత ఉంది. ఫైనల్లో సగం మార్కులు ఆయా దేశాల జ్యూరీలవి (సంగీత నిపుణుల బృందాలవి), వాళ్లు మార్కులు వేసేది ఈ షో చూసే. అందుకే గాయకులు ఆ రాత్రి గొంతు దాచుకోరు. శనివారం మధ్యాహ్నం మాత్రం కొందరు రాత్రి కోసం గొంతు పొదుపు చేస్తారు. స్టేజీ నేర్చుకోవాలంటే శుక్రవారమే మేలు. ఏదైనా తేడా వస్తే ఆపి సరిచేసుకునే రిహార్సల్ కాబట్టి, పనివాళ్లు ఎలా సరిచేస్తారో చూసే అవకాశం కూడా అందులోనే ఉంటుంది.

టికెట్లు విడతలుగా వదులుతారు. బాసెల్ మొదటి విడత జనవరి 29న తెరిచారు. ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లకే ఆన్‌లైన్ వరసలో చోటు, నిమిషాల్లో అన్నీ అయిపోయాయి. 300 రూపాయల దర్శనం కోటా వదిలే రోజు ఫోను పట్టుకుని కూర్చునే మనవాళ్లకి ఇదేం కొత్త కాదు. మొదటి విడతలో రాకపోతే తర్వాతి విడతల కోసం ఆగాలి తప్ప, బయట చేతులు మారే టికెట్ల జోలికి పోకూడదు.

సీటు విషయం. స్టేజీ ముందు నిలబడే చోటు సంబరానికి బాగుంటుంది, పని చూడటానికి పనికిరాదు. ఎదుట జెండాలు ఊగుతుంటాయి, కెమెరా క్రేన్ అడ్డం వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, స్టేజీ నేల మీద ఉన్న ఎల్ఈడీ తెరలో ఏ బొమ్మ నడుస్తోందో కింద నిలబడ్డవాళ్లకి తెలియనే తెలియదు. ఈ స్టేజీ గీసిన ఫ్లోరియన్ వీడర్ ఇంతకుముందు స్వీడన్‌లోని మాల్మోతో సహా చాలా యూరోవిజన్ స్టేజీలు గీసినవాడు. నేల బొమ్మ, వెనక బొమ్మ కలిసి ఒకే చిత్రమయ్యేది పైనుంచి చూసినప్పుడే. పోటీ జరిగిన సెయింట్ యాకోబ్స్‌హాలెలో ఎదురుగా పై వరసల సీటు దొరికితే అదే తీసుకోండి. పక్క వరసల్లో కూర్చుంటే బొమ్మ వంకరగా కనబడుతుంది, కానీ సామాను ఎటునుంచి వస్తోందో, ఎటు పోతోందో బాగా తెలుస్తుంది. రెండు షోలకి టికెట్లుంటే ఒకటి ఎదురుగా, ఒకటి పక్కన.

ఇక అసలు విషయం. పాట మూడు నిమిషాలు మించకూడదు. స్టేజీ మీద ఆరుగురికి మించి ఉండకూడదు. వాయిద్యాలు ట్రాక్ మీద నడుస్తాయి, ప్రధాన గొంతు మాత్రం అక్కడికక్కడ పాడాల్సిందే. పాటకీ పాటకీ మధ్య టీవీలో ‘పోస్ట్‌కార్డు’ అని ఒక చిన్న వీడియో వేస్తారు, నలభై సెకన్ల పైచిలుకు. హాల్లో కూర్చున్నవాడు తెర వైపు కాదు, స్టేజీ వైపు చూడాల్సిన సమయం అదే. ముందు పాట సామాను ఒకవైపునుంచి బయటికి పోతుంటే రెండోవైపునుంచి తర్వాతి పాటది లోపలికి వస్తుంటుంది, రెండూ ఎదురుపడవు. ప్రతిదానికీ చక్రాలు, చక్రాలకి బ్రేకులు. నేల మీద దేశానికో గుర్తు, దాని మీదికి తెచ్చి బ్రేకు వేస్తారు. ఒకరు నేల తుడుస్తారు, ఒకరు కరెంటు, సిగ్నల్ తీగలు కలుపుతారు, నిప్పురవ్వల గొట్టాలున్నచోట వాటి మనిషి వేరే. గాయకుడి చెవిలో మానిటర్ పనిచేస్తోందని తేల్చుకున్నాక, స్టేజీ ఖాళీ అని ఒక్కరే చెబుతారు. ఆ ఒక్కరు చెప్పేదాకా ట్రాక్ మొదలుకాదు. మన స్టేజీల మీద నలుగురు నాలుగు దిక్కులనుంచి ‘కానీయండి’ అని అరుస్తారు. ఆలస్యం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.

బాసెల్‌లో ఈ పనికి పరీక్ష పెట్టిన పాటలు చాలానే ఉన్నాయి. స్వీడన్‌వాళ్లు ఆవిరి స్నానపు గదినే స్టేజీ మీద కట్టారు. ఫిన్లాండ్ గాయని ఒక పెద్ద బంగారు మైకు మీద పైకి లేచింది, చుట్టూ నిప్పురవ్వలు. అలాంటి సామాను పైకెత్తే యంత్రానికి కరెంటు పోయినా మనిషి క్షేమంగా దిగే ఏర్పాటు ఉండాలి, గాయనికి నడుముకి తాడు ఉండాలి. ఫ్రాన్స్ పాటలో ఇసుక రాలింది. చూడటానికి ఎంతో బాగుంది, స్టేజీ పనివాడికి మాత్రం అది పీడకల. ఇసుక రేణువు ఎల్ఈడీ పలకల సందుల్లో దూరితే గీతలు పడతాయి, తర్వాత వచ్చేవాళ్ల కాలు జారుతుంది, చీపురుతో ఊడిస్తే ఇంకా పరుచుకుంటుంది. పీల్చే యంత్రం కావాలి, సమయం కావాలి. అందుకే పాటల వరస పూర్తిగా చీటీలకి వదలరు. 2013 నుంచి నిర్వాహకులే చాలావరకు అమరుస్తున్నారు. బరువైన సామాను పాట పక్కన ఒంటరి గాయకుడి పాట, చెత్త పడే పాట తర్వాత యాంకర్లు మాట్లాడే విరామం. మన సాంస్కృతిక కార్యక్రమాల్లో వరస వేసేది వచ్చిన పెద్దల హోదాని బట్టి. సామానుని బట్టి వేస్తే గంట కలిసొస్తుంది.

కెమెరా పని ఇంకో లోకం. ఏ మాట దగ్గర ఏ కెమెరా, ఎన్ని సెకన్లు అన్నది ముందే రాసి పెట్టి, ట్రాక్‌లో ఉన్న టైమ్‌కోడ్ (పాట ఏ సెకనులో ఉందో చెప్పే సిగ్నల్) ప్రకారం మారుస్తారు. ఇందుకు క్యూపైలట్ అనే సాఫ్ట్‌వేర్ యూరోవిజన్‌లో వాడుతున్నది 2013 నుంచి. లైట్లు, వీడియో, నిప్పు అన్నీ అదే గడియారం మీద నడుస్తాయి. గాయకులు ఊరు చేరకముందే వాళ్ల స్థానంలో వేరేవాళ్లని నిలబెట్టి ప్రతి పాటా నడిపి చూస్తారు. తర్వాత అసలు గాయకులకి మొదటి రిహార్సల్ 30 నిమిషాలు, రెండోది 20. గెలిచిన ఆస్ట్రియా పాటలో (436 పాయింట్లు) తుఫానులో పడవ టీవీలో నలుపు తెలుపుల్లో కనబడింది. హాల్లో చూసినవాళ్లకి ఆ బొమ్మలో సగమే దక్కింది. కాబట్టి హాల్లో చూసి వచ్చాక అదే పాటని యూట్యూబ్‌లో మళ్లీ చూడండి. రెండూ కలిపితేనే పాఠం పూర్తవుతుంది.

సౌండ్ గురించి మనవాళ్లు గట్టిగా పట్టించుకోవాల్సింది ఒకటుంది. స్విస్ చట్టం ప్రకారం గంట సగటున శబ్దం 100 డెసిబెల్ దాటకూడదు. 93 దాటే కార్యక్రమాల్లో చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు ఉచితంగా ఇవ్వాలి. అంత పెద్ద హాల్లో, అంత గోలలో, పాట మాట స్పష్టంగా వినబడింది. పెట్టెలు పెంచితే స్పష్టత రాదు, పైన ఎత్తులో సరైన కోణంలో వేలాడదీస్తే వస్తుంది. పెళ్లి ఊరేగింపుల్లో డీజే బాక్సుల వెనక పనిచేసే కుర్రాళ్ల చెవుల గురించి ఆలోచిస్తే ఈ ఒక్క నియమం కోసమైనా బాసెల్ గుర్తుంచుకోవాలి.

హాలు బయట మూడు చోట్లున్నాయి. పక్కనే ఉన్న సెయింట్ యాకోబ్ పార్క్ ఫుట్‌బాల్ స్టేడియంలో ఫైనల్‌ని పెద్ద తెరల మీద 36,000 మందికి చూపించారు. అంతమందికి తెర, సౌండ్ ఆలస్యం లేకుండా ఎలా అందించాలో చూడాలంటే అది మంచి చోటు. మెస్సె ప్రదర్శనశాలల్లోని యూరోవిజన్ విలేజ్ పగటిపూట కాలక్షేపానికి సరిపోతుంది. ఆదివారం టౌన్‌హాలు నుంచి రైన్ నది వంతెన దాటి మెస్సె దాకా సాగిన గాయకుల ఊరేగింపు చూడముచ్చటగా ఉంది, కానీ మన పనికి అందులో దొరికేది తక్కువ.

దారి, బస. వీసా షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకే వీసా), పెద్దవాళ్లకి 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి అర్జీ పెట్టుకోవచ్చు. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికే పెట్టాలి. చాలామంది తడబడేది ఇక్కడే. బస జర్మనీలో, షో స్విట్జర్లాండులో అయితే రాత్రులు లెక్క పెట్టుకుని అర్జీ వేయండి. రద్దు చేసుకునే వీలున్న గదులే తీసుకోండి, టికెట్ రాకముందే డబ్బు ఇరుక్కుపోకూడదు.

తిరుపతివాళ్లకి చెన్నై విమానాశ్రయమే దగ్గర. అక్కడినుంచి ఫ్రాంక్‌ఫర్ట్ చేరి, నేరుగా బాసెల్ వచ్చే రైలెక్కితే దాదాపు మూడు గంటలు. జ్యూరిక్ చేరితే రైల్లో గంట పైచిలుకు. బాసెల్ విమానాశ్రయం ఫ్రాన్స్ నేల మీద ఉంది, దానికి ఫ్రాన్స్ వైపు ఒక ద్వారం, స్విస్ వైపు ఒక ద్వారం. ఊళ్లోకి 50వ నంబరు బస్సు స్విస్ వైపునుంచే. ఊళ్లో స్టేషన్లూ రెండు. ఒకటి స్విస్‌ది, రెండోది జర్మన్‌ది. మెస్సెకి జర్మన్ స్టేషన్ దగ్గర.

బసలో హోటలు ఖరీదే, కానీ బాసెల్ హోటల్లో దిగితే బాసెల్‌కార్డు ఇస్తారు, ట్రాములు, బస్సులు ఉచితం. 14వ నంబరు ట్రాము మెస్సె, బార్‌ఫ్యూసర్‌ప్లాట్జ్ మీదుగా నేరుగా సెయింట్ యాకోబ్‌కి పోతుంది. ఆ దారి పక్కన గది దొరికితే ఇంకేం చూడక్కర్లేదు. ఖర్చు తగ్గాలంటే జర్మనీలోని వైల్ ఆమ్ రైన్ (8వ ట్రాము), ఫ్రాన్స్‌లోని సెయింట్ లూయీ (3వ ట్రాము) మంచివి. మ్యూల్‌హౌస్, జ్యూరిక్ వద్దు. ఫైనల్ రాత్రి తొమ్మిదికి మొదలై ఒంటిగంట ప్రాంతంలో ముగుస్తుంది, ఆ వేళలో తిరుగు రైలు మీద ఆశ పెట్టుకోకూడదు. శుక్రవారం షోకి కూడా వెళ్లేముందే ఆఖరి బండి ఎప్పుడో చూసుకోండి.

వంటగది ఉన్న గది తీసుకోవడం మేలు. బియ్యం, పెరుగు మిగ్రోస్, కోప్ దుకాణాల్లో దొరుకుతాయి. ఊరగాయ, కందిపొడి పట్టుకెళ్లండి. నెయ్యి డబ్బా, పాలకోవా మాత్రం వద్దు, యూరప్ బయటినుంచి పాల పదార్థాలు తీసుకుపోనివ్వరు. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, స్విస్ స్టేషన్‌లోవి తెరిచి ఉంటాయి. వీధి ఫౌంటెన్ల నీళ్లు తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు. సన్నటి రెండు పిన్నుల ఫోను చార్జరు అక్కడి సాకెట్లో పడుతుంది. మన మూడు పిన్నులది పట్టదు, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి.

2026 పోటీ వియన్నాలోని వీనర్ స్టాట్‌హాలెకి దక్కింది, మే 12, 14, 16 తేదీలు. 2015లోనూ అక్కడే జరిగింది. యు6 మెట్రోలో బుర్గ్‌గాస్సె-స్టాట్‌హాలె స్టేషన్‌లో దిగితే చాలు. ఇంకో మార్పు కూడా ఉంది. సెమీఫైనల్స్‌లోకి జ్యూరీలని మళ్లీ తెచ్చారు. అంటే సోమవారం, బుధవారం రాత్రి షోలు కూడా శుక్రవారం షో అంత విలువైనవే. ఫైనల్ వారం మొత్తం ఉండలేనివాళ్లు సోమవారం రాత్రి ఒక్కటి చూసి, మంగళవారం ఊరు చూసుకుని తిరుగు ప్రయాణం కట్టినా స్టేజీ పని మొత్తం కళ్లారా చూసినట్టే.