బాలింతకు, పసిబిడ్డకు ఇంటి దగ్గరే నూనె మర్దన: కాకినాడలో మేము తీసుకున్న సేవ

మా అమ్మాయికి సిజేరియన్ కాన్పు అయ్యాక, తల్లికీ బిడ్డకూ నూనె మర్దన చేయడానికి కాకినాడలో ఒకావిడను కుదుర్చుకున్నాం. ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు గానీ, ఇటువంటి మనిషి కోసం వెదికేవారు ఏమేమి చూసుకోవాలో తెలియాలని ఆవిడ పనితీరును వివరంగా రాస్తున్నాను.

ఆవిడ మొదట ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆయాగా పనిచేశారు. నొప్పులు పడుతున్నవారి నడుము నిమరడంతో మొదలైన ఈ పని మీద మనసు నిలిచిపోవడంతో, ఆ కొలువు మానేసి ఒక ఆయుర్వేద వైద్యశాలలో చేరి అభ్యంగం, అంటే ఒళ్లంతా నూనె పట్టించి మర్దన చేయడం, పద్ధతిగా నేర్చుకున్నారు. నెల జీతం ఎందుకు వదులుకున్నారని అడిగితే, "మర్దన అవుతుండగానే బాలింత కళ్లు మూతలు పడతాయి చూడండి అమ్మగారూ, అది చూశాక నాకు వేరే పని చేయబుద్ధి కాలేదు" అన్నారు.

మొదటి రోజు ఆవిడ నూనె గిన్నె ముట్టుకోనే లేదు. డిశ్చార్జి కాగితం చదివించుకుని, జ్వరం ఉందా, రక్తస్రావం ఎలా ఉంది, కుట్ల దగ్గర ఎరుపుగానీ చీముగానీ ఉన్నాయా అని అడిగి, డాక్టరు ఒప్పుకున్నారని తెలిశాకే మర్నాటి నుంచి వచ్చారు. నువ్వుల నూనె గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేసి, తన మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకున్న తర్వాతే పాదాలతో మొదలుపెట్టేవారు. పిక్కలు, తొడలు, నడుము, భుజాలు, మాడు వరుసగా పట్టేవారు; పొట్ట జోలికి మాత్రం పోలేదు. కుట్లు పూర్తిగా మాని, ఆరు వారాల పరీక్షలో డాక్టరు సరేనన్న తర్వాతే పొత్తికడుపు మీద చేయి వేస్తానని ముందే చెప్పారు.

ఒక ఉదయం మా అమ్మాయి ఎడమ పిక్క వాచి, ముట్టుకుంటే వేడిగా తగిలింది. మర్దన చేస్తే వాపు తీస్తుందని నేను అనుకున్నాను. ఆవిడ మాత్రం, "వద్దండి, డాక్టరుగారు చూసేదాకా ఈ కాలు పట్టను" అని చేతులు తుడుచుకుని లేచారు. కాన్పు తర్వాత కొన్ని వారాల పాటు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. అటువంటప్పుడు గట్టిగా పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కానులో గడ్డ ఏమీ లేదని తేలింది. ఆవిడ ఆ రిపోర్టు చూసుకున్నాకే మళ్లీ పని మొదలుపెట్టారు. నా మట్టుకు ఆవిడకు ఇచ్చిన డబ్బు ఆ ఒక్క ఉదయానికే చెల్లు.

పసివాడి విషయంలోనూ అంతే జాగ్రత్త. బొడ్డు ఊడేవరకు తడిగుడ్డతో తుడవడమే తప్ప స్నానం చేయించలేదు. చెవుల్లో, ముక్కులో రెండు చుక్కల నూనె వేయమని మా వియ్యపురాలు పట్టుబట్టినా, ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుందని నెమ్మదిగా నచ్చజెప్పారు. తల్లి హార్మోన్ల వల్ల కొందరు పసిపిల్లల రొమ్ములు ఉబ్బుతాయి. వాటిని పిండితే చీము పట్టవచ్చని, కొద్ది వారాల్లో అవే తగ్గుతాయని చెప్పారు. సాంబ్రాణి పొగ కూడా తల్లి జుట్టు వరకే, అదీ బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టి. ఇంత సౌమ్యంగా పెద్దవాళ్లకు ఎదురు చెప్పగలగడం నాకు చాలా నచ్చింది.

లోపాలూ లేకపోలేదు. చెప్పిన వేళకు రావడం తక్కువ, ఆదివారాలు అసలు రారు. సున్నిపిండి, నూనె మనమే తెచ్చుకోవాలి. రుసుము మా వీధిలో తీసుకునేదాని కంటే బాగా ఎక్కువ. ఆవిడ ఒకేసారి రెండు ఇళ్ల కంటే ఎక్కువ ఒప్పుకోరు కనుక, ఇటువంటివారు కావాలనుకుంటే ఎనిమిదో నెలలోనే మాట్లాడి పెట్టుకోవడం మంచిది.