హన్మకొండ టు జనగామ: బస్సు ఫ్రీ అయినా నేను రైలు పాస్ ఎందుకు మానలేదు

"ఆడోళ్లకు బస్సు ఫ్రీ గదనే, ఇంకా రైలు పాస్‌కు పైసలెందుకు పెడ్తున్నవ్?" ఈ మాట అడగని వాళ్లు మా వాడలో లేరు. మా అత్తమ్మ అయితే నెల మొదట్లో పాస్ రెన్యువల్ చేస్తుంటే ఎదురుగా కూర్చుని మరీ అడుగుతుంది. నా కాపురం హన్మకొండ సుబేదారిలో, ఉద్యోగం జనగామలో. ఏళ్ల తరబడి పొద్దున పోయి సాయంత్రం వస్తున్నాను. ఈ దారిలో నడిచే బస్సుల్లో, బండ్లలో నేను ఎక్కనివి తక్కువే. అందుకే అత్తమ్మకు విడతలు విడతలుగా చెప్పిన జవాబును ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. కొత్తగా ఈ రూట్లో ఉద్యోగానికి తిరగబోయే వాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, పనికొస్తుంది.

ముందు బస్సు సంగతి. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు చార్జీ లేదు. డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని ఎక్కితే అందరిలాగే టికెట్ కొనాలి. ఫ్రీ అంటే టికెట్ తీసుకోకుండా కూర్చోవడం కాదు, చార్జీ సున్నా అని ఉండే జీరో టికెట్ కచ్చితంగా కొట్టించుకోవాలి. తెలంగాణ అడ్రస్ ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే, జిరాక్స్ చూపిస్తే కుదరదు. ఆధార్‌లో ఇంకా పక్క రాష్ట్రంలోని పుట్టింటి అడ్రసే ఉన్న కోడళ్లు ముందు అది మార్పించుకోండి.

హన్మకొండ నుంచి హైదరాబాద్ వైపు పోయే ఎక్స్‌ప్రెస్‌లు కాజీపేట, మడికొండ, స్టేషన్ ఘన్‌పూర్, రఘునాథపల్లి మీదుగా జనగామ పోతాయి. రోడ్డు బాగుంది. గంటా గంటంపావులో చేరుస్తాయి. ఒకటి పోతే వెనకాల ఇంకోటి వస్తుంది, బస్సుకున్న అసలు బలం అదే. టైం చూసుకుని పరుగెత్తాల్సిన పని లేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, నాన్‌స్టాప్ బస్సులు జనగామ ఊర్లోకి రాకుండా బైపాస్ మీదుగా పోతాయి. ఎక్కే ముందే కండక్టర్‌ను అడగాలి.

మరి ఇబ్బంది ఎక్కడ? నిలబడటంలో. బస్టాండులో ఎక్కితే సీటు దొరికే అవకాశం ఉంటుంది. సుబేదారిలోనో కాజీపేటలోనో చెయ్యెత్తితే సోమవారం పొద్దున, పెళ్లిళ్ల ముహూర్తాల్లో, దసరాకు ముందు, లోపలికి అడుగు పెట్టడమే గొప్ప. వెనక డోర్ నుంచి ముందు డోర్ దాకా మనుషులే. ఆ మధ్యలోంచి కండక్టర్ మిషన్‌ను తల మీదికి ఎత్తి పట్టుకుని "ఆధార్ కార్డులు తీసి చేతిల పట్టుకోండ్రి అక్కా, మల్ల మల్ల అడగ" అంటూ వస్తుంది. పాతకాలంలో ఇంతమందికి టికెట్ కొడితే చేతి సంచి నిండేది. ఇప్పుడు సంచి నిండదు కానీ ప్రతి మనిషి కార్డు చూడాలి, ప్రతి ఒక్కరికీ జీరో టికెట్ కొట్టాలి, స్టేజీ దాటేలోపు అయిపోవాలి. ఘన్‌పూర్ వచ్చేసరికి ఆమె గొంతు బొంగురు పోతుంది. నాకు సీటు లేదన్న బాధ కంటే ఆమెను చూస్తే కలిగే బాధే ఎక్కువ.

టికెట్ కొనుక్కుని నిలబడే మగవాళ్లు రుసరుసలాడతారు. వాళ్ల విసుగు అర్థం కానిది కాదు. అయినా ఈ పథకం మంచిదనే నేనంటాను. రఘునాథపల్లిలో ఎక్కి జనగామ ఆస్పత్రికి వచ్చే ముసలమ్మలు, డిగ్రీకి వచ్చే పిల్లలు ఇదివరకు ఇంతమంది బస్సుల్లో కనిపించేవారు కాదు. డబ్బుల కోసం ఇంకొకరి మొహం చూడకుండా గడప దాటగలగడం ఆడదానికి చిన్న విషయం కాదు. తగ్గించాల్సింది ఆడవాళ్లను కాదు, పెంచాల్సింది బస్సులను.

ఇక రైలు. కాజీపేట నుంచి జనగామకు రైలు దారిలో 50 కిలోమీటర్ల లోపే. టైంకు నడిస్తే ఎక్స్‌ప్రెస్ ముప్పావు గంటలో దించుతుంది. ఎక్స్‌ప్రెస్ జనరల్‌కు కనీస చార్జీ 30 రూపాయలు, సూపర్‌ఫాస్ట్ అయితే ఇంకో 15. కరోనా తర్వాత ప్యాసింజర్ బండ్లకు కూడా ఎక్స్‌ప్రెస్ చార్జీలే పెట్టి ఆ 30 వసూలు చేశారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ పాత 10 రూపాయల కనీస చార్జీకి వచ్చింది. పెండ్యాల, ఘన్‌పూర్ లాంటి చిన్న స్టేషన్ల వాళ్లకు ఆ తేడా చాలా పెద్దది.

రోజూ పోయే వాళ్లు విడి టికెట్ కొనడం దండగ. మంత్లీ సీజన్ టికెట్, అందరం ఎంఎస్‌టీ అనేది, తీసుకుంటే నెలంతా కొనే విడి టికెట్ల ఖర్చులో సగం కూడా కాదు, సగానికి చాలా తక్కువ. మూడు నెలలకు కూడా ఒకేసారి తీసుకోవచ్చు. 150 కిలోమీటర్ల దూరం దాకా ఇస్తారు కాబట్టి వరంగల్ నుంచి సికింద్రాబాద్ తిరిగే వాళ్లకూ సరిపోతుంది, అది 142 కిలోమీటర్లే. సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే దానికి అదనంగా కట్టాలి, మామూలు పాస్‌తో ఎక్కకూడదు. పాస్ చేతిలో ఉంది కదా అని రిజర్వేషన్ డబ్బాలో ఖాళీ సీటు చూసి కూర్చోవడం కూడా కుదరదు. టీసీ వస్తే టికెట్ డబ్బులు కాక పైన కనీసం 250 రూపాయల జరిమానా.

పాస్ లేని రోజు ఫోన్‌లోనే జనరల్ టికెట్ తీయొచ్చు. ఇదివరకు యూటీఎస్ యాప్, 2025 జులైలో రైల్‌వన్ అని కొత్తది వచ్చింది. స్టేషన్ లోపలికి వచ్చాక కాగితం లేని టికెట్ తీయాలంటే అక్కడ అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి, అందుకే ఆటోలో ఉండగానే తీసేసుకోవడం మేలు. 199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ మూడు గంటల్లోపు ప్రయాణం మొదలుపెట్టడానికే. పొద్దున తీసి సాయంత్రం వాడుకుందామంటే చెల్లదు.

నేను ఎక్కువగా ఎక్కేది భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్. కాగజ్‌నగర్ నుంచి పొద్దున బయలుదేరి బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి, జమ్మికుంట జనాన్ని నింపుకుని కాజీపేట వస్తుంది. సాయంత్రం సికింద్రాబాద్ నుంచి అదే దారిలో వెనక్కి పోతుంది. రాకకూ పోకకూ ఒక్క బండే, జనగామలో ఆగుతుంది, ఆఫీసు టైంకు సరిపోతుంది. మా పాస్‌వాళ్లకు ప్రాణం లాంటి బండి. ప్లాట్‌ఫాం మీద ఏ స్తంభం దగ్గర ఏ డబ్బా ఆగుతుందో అందరికీ తెలుసు. బండి ఇంకా కదులుతుండగానే చేతిరుమాళ్లు కిటికీల్లోంచి సీట్ల మీద పడతాయి. లేడీస్ డబ్బా చిన్నది. అయినా అక్కడ ముగ్గురి సీటులో నలుగురం, ఐదుగురం సర్దుకుంటాం. పండ్ల గంప పట్టుకున్న అవ్వ ఎక్కి "బిడ్డా, జర జరుగరాదె" అంటే జరగని వాళ్లను నేను చూడలేదు. ఎవరి కూతురి పెళ్లి ఎక్కడిదాకా వచ్చింది, ఎవరికి ట్రాన్స్‌ఫర్ అయింది, అన్నీ అక్కడే తెలుస్తాయి. టీచర్లు పేపర్లు దిద్దుతారు. బస్సులో ఒంటికాలి మీద నిలబడి ఆ పనులేవీ కావు. నేను పాస్ మానకపోవడానికి సగం కారణం ఈ డబ్బానే. రోజుకు గంటన్నర నాదిగా మిగులుతుంది.

పుష్‌పుల్ అనే ప్యాసింజర్ బండి అయితే ఇంకా ఖాళీగా ఉంటుంది, కానీ ప్రతి స్టేషన్‌లో ఆగుతుంది, వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్‌ల కోసం పక్కన నిలబడుతుంది. తొందర లేని వాళ్లకు, చిన్న ఊర్ల వాళ్లకు అదే దిక్కు.

రైలుతో వచ్చే కష్టం ఆలస్యం. మన లైన్ల మీద ప్రయాణికుల బండ్లే కాదు, సింగరేణి బొగ్గు, సిమెంటు మోసే గూడ్స్ బండ్లు కూడా వరసగా నడుస్తాయి. కాజీపేట నుంచి బల్లార్షా వైపు మూడో లైను పనులు నడుస్తున్నది అందుకే. కాజీపేట కళ్ల ముందు కనిపిస్తుండగా బండిని స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, అవుటర్‌లో, ఆపేస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. వానాకాలంలో, పొగమంచు రోజుల్లో ఇంకా ఎక్కువ. అందుకని ఇల్లు కదిలే ముందే ఫోన్‌లో బండి ఎక్కడుందో చూసుకుంటాను. నెట్ లేకపోతే రైల్వే నంబర్ 139కి ఫోన్ చేసినా చెబుతారు. పావుగంట దాకా ఆలస్యమైతే రైలే. అరగంట దాటితే ఇంటి దగ్గరే బస్సెక్కేస్తాను. ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో కనిపిస్తుంది కూడా. ఒకరకంగా రైలు పాస్, ఆధార్ కార్డు రెండూ పర్సులో ఉండటమే ఈ రూట్లో నిశ్చింత.

కొత్తవాళ్లు స్టేషన్ల దగ్గర తికమక పడతారు కాబట్టి ఇదీ చెప్పాలి. మనకు వరంగల్, కాజీపేట అని రెండు స్టేషన్లు, మధ్య పది కిలోమీటర్లు. బల్లార్షా వైపు నుంచి సికింద్రాబాద్ పోయే బండ్లు కాజీపేట మీదుగానే పోతాయి, వరంగల్ రావు. ఢిల్లీ నుంచి చెన్నై పోయే చాలా బండ్లు బైపాస్ లైన్ మీద నేరుగా వరంగల్ వచ్చేస్తాయి, కాజీపేట స్టేషన్ వాటికి తగలదు. 1929లో బల్లార్షా లైను పూర్తయినప్పటి నుంచి మన ఊరు ఉత్తరానికీ దక్షిణానికీ నడుమ కూడలి. ఆ గొప్పతో పాటు ఈ తికమక కూడా వచ్చింది. టికెట్ మీద స్టేషన్ పేరు చూసుకోకుండా బయలుదేరొద్దు. అలాగే ఉప్పల్ అనే రైల్వే స్టేషన్ జమ్మికుంట దగ్గర ఉంది. హైదరాబాద్ ఉప్పల్‌కు పోవాలనుకునే వాళ్లు బస్సే ఎక్కాలి.

హైదరాబాద్ పనుల మీద పోయినప్పుడు నా లెక్క వేరు. మెట్రో నీలి లైన్ నాగోల్ నుంచి రాయదుర్గం దాకా, ఉప్పల్‌లోనూ ఆగుతుంది, సికింద్రాబాద్ ఈస్ట్‌లోనూ ఆగుతుంది. కాబట్టి బస్సులో ఉప్పల్‌లో దిగినా, రైల్లో సికింద్రాబాద్‌లో దిగినా హైటెక్ సిటీకి చేరేది అదే మెట్రో. చర్లపల్లి రైల్వే టెర్మినల్ 2025 జనవరిలో మొదలయ్యాక కొన్ని బండ్లు అక్కడే ఆగిపోతున్నాయి. స్టేషన్ కొత్తది, శుభ్రమైనది. కానీ అక్కడి నుంచి ఊర్లోకి పోవడానికి ఆటోకు పెట్టే డబ్బులు మన రైలు చార్జీని మించుతాయి. బండి ఎక్కడి దాకా పోతుందో చూసుకునే టికెట్ తీయండి. పండుగల్లో తిరుగు ప్రయాణానికి స్పెషల్ అని బోర్డు ఉన్న బస్సుల్లో ఒకటిన్నర రెట్ల దాకా చార్జీ ఉండొచ్చు. 2003 నాటి జీవో ప్రకారం అది అనుమతించిందే, కండక్టర్‌తో పోట్లాడి లాభం లేదు.

ఇన్నేళ్లలో నన్ను నిజంగా అలసగొట్టింది బస్సూ కాదు, రైలూ కాదు. కాజీపేట స్టేషన్‌కూ మా ఇంటికీ నడుమ ఉన్న ఆ నాలుగైదు కిలోమీటర్లు. సాయంత్రం బండి దిగి బయటికి వస్తే వందల మంది ఒక్కసారే వస్తారు. లోకల్ బస్సు మాత్రం తన టైంకు తాను వస్తుంది, బండి టైంకు కాదు. పది నిమిషాల ముందే పోయి ఉంటుంది, లేదంటే ఇంకో అరగంటకు ఉంటుంది. షేర్ ఆటోవాళ్లు ఐదుగురు నిండితే కానీ కదలరు. ఒక్కదాన్నే పోవాలంటే అడిగే రేటు జనగామ నుంచి వచ్చిన రైలు చార్జీకి రెండింతలకు పైమాటే. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగితే ఇంకో పావుగంట. ముప్పావు గంటలో జనగామ నుంచి కాజీపేట వచ్చి, కాజీపేట నుంచి సుబేదారి చేరడానికి ముప్పావు గంట పట్టిన సాయంత్రాలు ఎన్నో. చీకటి పడ్డాక బండి ఆలస్యమైతే మా ఆయన బండేసుకుని రావాల్సిందే. అలా వచ్చేవాళ్లు లేని ఆడపిల్లలు ఆటో కోసం గుంపు కట్టి నిలబడటం చూస్తుంటాను. నిట్‌లో చదివే పిల్లలు, హాస్టళ్ల పిల్లలు వాళ్లలో చాలామంది. నాతో పాటు వస్తారా అని అడిగి ఒక ఆటోలో ముగ్గురం నలుగురం కలిసిపోవడం నాకు అలవాటైంది. మీరూ అలాగే చేయండి, ముందు మాట్లాడుకుని ఎక్కండి.

ఇది తీరని కష్టమేమీ కాదు. మేడారం జాతర వచ్చిందంటే కాజీపేట స్టేషన్ దగ్గరే బస్సులు వరసగా నిలబెడతారు. బండి దిగిన భక్తులు దిగినట్టే ఎక్కి పోతారు. రెండేళ్లకోసారి అంత పెద్ద ఏర్పాటు చేయగలిగిన చోట, రోజూ సాయంత్రం ఒకే టైంకు దిగే మా కోసం హన్మకొండ చౌరస్తా దాకా రెండు లోకల్ బస్సులు ఆపి ఉంచడం కష్టం కాదు. బండి ఆలస్యమైతే బస్సు కూడా ఆగాలి, అదొక్కటే షరతు. మా డబ్బాలో సంతకాలు తీసుకుంటున్నాం. రోజూ సాయంత్రం బండికి కాజీపేటలో దిగే వాళ్లు ఎవరైనా సరే, లేడీస్ డబ్బా దగ్గరికి వచ్చి కాగితం మీద మీ పేరు, దిగే చోటు, ఇంటికి చేరే టైం రాసిపోండి. మగవాళ్ల సంతకాలు కూడా కావాలి.