బోర్లా పడటానికి ప్లే మ్యాట్ పనికొచ్చిందా? 14 నెలలు వాడాక నా మాట

పాపకు రెండు నెలలు నిండినప్పుడు మడతపెట్టే ఫోమ్ ప్లే మ్యాట్ ఒకటి తీసుకున్నాం. ఇప్పుడు తనకు 16 నెలలు. ఈ 14 నెలల్లో అది పరవని రోజు లేదు. త్వరగా బోర్లా పడుతుందని ఆశపడే కొన్నాం. నిజానికి ఆ పని ఏ మ్యాటూ చేయదు, పాపే చేసుకోవాలి. కానీ అందుకు తగిన చోటు ఇచ్చింది. దానికే నేను దీన్ని మెచ్చుకుంటాను.

అంతకుముందు మంచం మీదే ఆడించేవాళ్లం. పరుపు మెత్తన కావడంతో బోర్లా వేయగానే మోచేతులు దిగబడిపోయేవి. తల ఎత్తబోయేది, మొహం పరుపుకు కొట్టుకునేది, ఏడుపు మొదలు. ఒక్క నిమిషం కూడా ఉండేది కాదు. తనకు బోర్లా పడుకోవడమే ఇష్టం లేదనుకున్నాం. పిల్లల డాక్టర్‌తో చెబితే "మంచం మీద వద్దమ్మా, నేల మీద వేయండి. పడిపోతుందన్న భయం కూడా ఉండదు" అన్నారు.

ఈ మ్యాట్ మందం రెండు సెంటీమీటర్ల లోపే. వేలితో నొక్కితే కాస్తే లోపలికి పోయి వెంటనే పైకి వస్తుంది. ఆ గట్టిదనమే కావలసింది. మోచేతులు ఆనించుకోవడానికి పట్టు దొరికింది, వారం తిరగకుండానే తల ఎత్తి చూడటం మొదలుపెట్టింది. మెలకువగా ఉన్నప్పుడు, పక్కనే కూర్చుని, రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి మూడు నుంచి ఐదు నిమిషాలు బోర్లా వేసేవాళ్లం. ఇంకా పాకడం రాని పిల్లలకు రోజు మొత్తంలో కనీసం 30 నిమిషాలు ఇలా గడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మేం అక్కడికి చేరేసరికి నాలుగో నెల వచ్చింది.

అసలు కష్టం ఆ తర్వాతే. పాప పక్కకు ఒత్తిగిల్లేది, కాలు కూడా అటు వేసేది, కానీ కింది చెయ్యి ఛాతీ కింద ఇరుక్కుపోయేది. మొహం ఎర్రబడేలా మూలిగి మళ్లీ వెల్లకిలా పడిపోయేది. చెయ్యి లాగేయాలని నాకు ఎంత అనిపించినా లాగలేదు. ఒక మోకాలు మడిచి, తుంటి దగ్గర రెండు వేళ్లు ఆనించి, మెల్లగా పక్కకు తిప్పి అక్కడే ఆగిపోయేదాన్ని. మిగతాది తనకే వదిలేసేదాన్ని. గిలక్కాయ కళ్లెదురుగా పెట్టి, నెమ్మదిగా చెవి పక్కకు, అక్కడి నుంచి తల పైవైపుకు జరిపేదాన్ని. చూపు ఎటు పోతే మెడ అటు, మెడ వెంట భుజం, భుజం వెంట నడుము.

ఒకరోజు గమనించాను, మ్యాట్ పైపొర చెమట పట్టిన ఒంటికి అతుక్కుంటోంది! పొట్టి చేతుల గౌను వేసినప్పుడు మోచెయ్యి జారడం లేదు. పొడుగు చేతుల చొక్కా వేసి, పాదాలు మాత్రం పట్టు కోసం వట్టిగా ఉంచాను. మూడో రోజో నాలుగో రోజో, ఇరుక్కున్న మోచెయ్యి కొద్దికొద్దిగా జరిగి బయటికొచ్చింది. పిడికిలి విప్పి అరచెయ్యి మ్యాట్ మీద ఆనించి తల ఎత్తింది. అప్పటికి ఐదు నెలల పది రోజులు. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు.

పిల్లలు ఎక్కువగా నాలుగు, ఆరు నెలల మధ్య తిరగడం నేర్చుకుంటారు. కొందరు ముందు బోర్లా నుంచి వెల్లకిలా తిరుగుతారు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు లెక్క డెలివరీ కావలసిన తేదీ నుంచి వేయాలి. మా పాప మొదట్లో కుడివైపే తిరిగేది. డాక్టర్ మెడ చూసి పర్వాలేదన్నాక, నేను ఎడమవైపు కూర్చోవడం మొదలుపెట్టాను. రెండు వారాల్లో అటూ తిరిగింది. మీ పాప కూడా ఒకవైపే తిరుగుతుంటే ఒకసారి చూపించండి.

ఇక లోపాలు. మొదటి నాలుగు రోజులు ఘాటు వాసన, కిటికీ దగ్గర ఆరబెట్టాకే వాడాం. కక్కిన పాలు మడతల సందులోకి పోతాయి, తడిగుడ్డతో తుడిస్తే రావు, పాత మెత్తటి టూత్‌బ్రష్ పెట్టాల్సిందే. సైజు కూడా చాలదు. తిరగడం వచ్చాక పాప రెండు పొర్లింతల్లో అంచు దాటి నేలకు తల కొట్టుకుంది. ఏడాది దాటాక ఒక మడత దగ్గర పైపొర లేచింది, పాప దాన్ని గోళ్లతో గీకి నోట్లో పెట్టుకోబోయింది. అప్పటి నుంచి ఆ భాగాన్ని కిందికి మడిచేస్తున్నాం.

ఒక్క విషయంలో మాత్రం దయచేసి అశ్రద్ధ చేయకండి. ఆడుతూ మ్యాట్ మీదే నిద్రపోతే ఎత్తి, గట్టి చదునైన తన పడక మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఒత్తిగిల్లే సూచన కనిపించిన రోజు నుంచే గుడ్డతో బిగించి చుట్టడం మానేయాలి, చేతులు కట్టేసి ఉండగా బోర్లా పడితే ప్రమాదం. వెల్లకిలా నుంచి బోర్లాకు, బోర్లా నుంచి వెల్లకిలాకు తనంతట తాను తిరగగలిగాక, నిద్రలో బోర్లా పడితే మళ్లీ తిప్పనక్కర్లేదని డాక్టర్ చెప్పాకే నాకు రాత్రుళ్లు టెన్షన్ తగ్గింది.

మళ్లీ కొనాల్సి వస్తే ఇంతే గట్టిగా ఉన్నదే చూస్తాను. కాకపోతే మడతలు లేకుండా చాపలా చుట్టే రకం, ఇంతకన్నా పెద్దది తీసుకుంటాను.