హేవర్డ్‌లో నా మియాటాకి వీల్ అలైన్‌మెంట్ చేయించాను: డబ్బులు ఎక్కువే, పని మాత్రం పక్కా

ముందే చెప్పేస్తాను. ఖరీదు ఎక్కువ, అపాయింట్‌మెంట్ దొరకాలంటే ఓపిక కావాలి, వెయిటింగ్ రూమ్ అంటే ఒక పాత సోఫా, ఒక కాఫీ మెషీన్, అంతే. అయినా అలైన్‌మెంట్‌కి ఇకమీదట నా కారు ఇంకో చోటికి తీసుకెళ్లను. కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటూ, శనివారం పొద్దున్నే స్కైలైన్ కొండ రోడ్డు మీదికి వెళ్లే సరదా ఉన్నవాళ్లకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నా. హేవర్డ్‌లో గోడౌన్ల మధ్య ఉన్న చిన్న షాపు ఇది, ఎక్కువగా ట్రాక్ కార్లే కనిపిస్తాయి. ఓనరే మెకానిక్, ఇంకో కుర్రాడు సాయం చేస్తాడు. పేరు ఇక్కడ వేయట్లేదు, ఇప్పటికే వాళ్ల క్యూ నాకు చాలా పెద్దదిగా ఉంది! అడిగినవాళ్లకి విడిగా చెప్తా.

కారు 2019 మాజ్దా మియాటా, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, మాన్యువల్ గేర్లు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. స్ప్రింగులు, షాకులు అన్నీ ఫ్యాక్టరీవే, ఎత్తు తగ్గించలేదు. హైవే మీద ఎవరికైనా నడపమని ఇస్తే బాగానే ఉంది కదా అంటారు. కానీ ఈ కారు బరువు 1,100 కిలోల లోపే, మనం కూర్చునేది దాదాపు వెనక చక్రాల ముందే, కాబట్టి ఏ చిన్న తేడా ఉన్నా నడుముకి తెలిసిపోతుంది. కుడి మలుపుల్లో ముక్కు ఠక్కున తిరిగేది. ఎడమ మలుపుల్లో అదే స్పీడు, స్టీరింగ్ అంతే తిప్పినా ఏదో బద్ధకం, ముందు టైర్లు బయటికి జరుగుతున్నట్టు, ఇంకొంచెం తిప్పు ఇంకొంచెం తిప్పు అన్నట్టు ఉండేది. 280 హైవే మీద తిన్నగా వెళ్తున్నప్పుడు స్టీరింగ్ వెంట్రుకవాసి కుడికి తిరిగి ఉండేది, ఒకసారి కనిపించాక ఇక కళ్లు అక్కడే.

ఇంటి దగ్గర్లో ఉన్న ఒక టైర్ల చైన్ షాపుకి మొదట తీసుకెళ్లాను. గంటలోపే అయిపోయింది, చేతిలో కలర్ ప్రింటవుట్ పెట్టారు, అన్ని గళ్లూ పచ్చరంగులో ఉన్నాయి, "అన్నీ స్పెక్‌లోనే ఉన్నాయి" (ఫ్యాక్టరీ చెప్పిన హద్దుల్లోనే అని) అన్నారు. బయటికొచ్చి మొదటి ర్యాంప్ ఎక్కగానే తెలిసిపోయింది, కారు ఎలా వెళ్లిందో అలాగే తిరిగొచ్చింది.

ఆ కాగితం పారేయలేదు, అదే తర్వాత పనికొచ్చింది. హేవర్డ్ ఓనరు దాన్ని తీసుకుని, రంగుల వైపు చూడకుండా అంకెల కింద గోరుతో గీత గీశాడు. ముందు ఎడమ చక్రం క్యాంబర్, అంటే చక్రం వాలు, మైనస్ 0.9 డిగ్రీలు, కుడిది మైనస్ 0.3. రెండూ పచ్చే! ఎందుకంటే ఫ్యాక్టరీ ఇచ్చే రేంజి అంత వెడల్పుగా ఉంటుంది, లక్షల కార్లకి, అన్ని రకాల డ్రైవర్లకి కలిపి ఇచ్చిన రేంజి అది. రెండు చక్రాలూ విడివిడిగా రేంజిలో ఉంటే మెషీన్‌కి చాలు, అవి రెండూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అన్నది చూడాల్సింది మనిషి. క్యాంబర్ అంటే తెలియనివాళ్లకి: ముందు నుంచి చూస్తే చక్రం నిటారుగా ఉందా, పైభాగం లోపలికి వాలి ఉందా అని. లోపలికి వాలితే మైనస్. ఎడమకి తిరిగేటప్పుడు బరువంతా కుడివైపు టైరు మీద పడుతుంది, కారు కుడికి ఒరుగుతుంది, ఆ ఒరుగుడుతో పాటు టైరు కూడా బయటికి వాలుతుంది. ముందే కొంచెం లోపలికి వంచి పెడితే ఆ సమయానికి టైరు రోడ్డు మీద పూర్తి వెడల్పుతో ఆనుతుంది. నా కుడి టైరుకి ఆ వంపు దాదాపు లేదు, అందుకే ఎడమ మలుపుల్లో బయటి అంచు మీద నడిచింది.

వెనక చక్రాల కథ ఇంకా బాగుంది. ఎడమ వెనక చక్రం 0.25 డిగ్రీలు లోపలికి చూస్తోంది, కుడిది 0.02, అంటే దాదాపు తిన్నగా. ఇవీ పచ్చే. కానీ వెనక చక్రాలు రెండూ కలిసి ఏ దిక్కుకి తోస్తున్నాయో ఆ దిక్కుకే కారు వెళ్తుంది, దాన్నే థ్రస్ట్ యాంగిల్ అంటారు. జోడెద్దుల్లో ఒకటి పక్కకి లాగితే బండి దారి వెంట తిన్నగానే వెళ్తుంది గానీ ఒళ్లు కొంచెం వంకరగా పెట్టుకుని వెళ్తుంది కదా, అదే ఇది. నా కారు వెనక భాగం కుడికి తోస్తుంటే, తిన్నగా వెళ్లడానికి ముందు చక్రాలని నేను కుడికి పట్టుకోవాల్సి వచ్చింది. ఆ స్టీరింగ్ వంకర అక్కడినుంచి వచ్చింది. ముందు చక్రాల దగ్గర ఎంత కెలికినా జబ్బు వెనకే ఉండిపోతుంది.

ఇక్కడ చిన్న పక్కదారి. హైదరాబాద్‌లో మా ఇంట్లో కార్లకి అలైన్‌మెంట్ అంటే టైర్ల షాపులో బ్యాలెన్సింగ్‌తో కలిపి చేయించేదే, అక్కడ సరిచేసేది చాలావరకు ముందు చక్రాల టో (చక్రాలు లోపలికి చూస్తున్నాయా, బయటికా అన్నది) ఒక్కటే. అది వాళ్ల నిర్లక్ష్యం కాదు, మన దగ్గర తిరిగే చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో ఎక్కువవాటికి సరిచేయడానికి వీలుండేదే అదొక్కటి, వెనక ఇరుసు కదలదు, ముందు క్యాంబర్‌కి ఏర్పాటు ఉండదు. అందుకే కాబోలు అలైన్‌మెంట్ అంటే "స్టీరింగ్ తిన్నగా పెట్టడం" అని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. మియాటా వేరే జాతి. 1989లో వచ్చిన మొదటి మోడల్ నుంచీ ముందు చక్రాలకి డబుల్ విష్‌బోన్ సస్పెన్షనే (చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్మ్‌లు పట్టుకునే రకం), ఇప్పటి మోడల్‌లో వెనక మల్టీలింక్ (ఒక్కో చక్రాన్ని విడివిడిగా కొన్ని లింకులు పట్టుకునే రకం). ముందు క్యాంబర్, క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి ఎంత వాలి ఉందో అది), టో మూడూ, వెనక క్యాంబర్, టో రెండూ సరిచేసుకోవచ్చు, కొత్త పార్టు ఒక్కటి కూడా కొనకుండా. ఇన్ని బోల్టులు ఇచ్చి ఫ్యాక్టరీవాళ్లు మనల్ని ఊరిస్తుంటే గళ్లు పచ్చగా వచ్చాయని వదిలేయడం అన్యాయం.

సరే, పని ఎలా చేశాడో చెప్తా, నాకు బాగా నచ్చింది అదే. కారు లిఫ్ట్ ఎక్కించకముందే ప్రశ్నలు. ఏ టైర్లు, రోజూ ఆఫీసుకి ఇదేనా, ట్రాక్‌కి వెళ్తావా, పక్క సీట్లో ఎవరైనా ఉంటారా? ఒక్కడినే ఎక్కువ అన్నాను (మా ఆవిడ స్కైలైన్ మీద నాతో కూర్చోవడం ఎప్పుడో మానేసింది). నా బరువు అడిగి, అంత బరువున్న ఇసుక సంచులు డ్రైవర్ సీట్లో పెట్టాడు. ఇంత తేలికైన కారులో ఒక మనిషి కూర్చుంటే ఆ పక్క ఎత్తు తగ్గుతుంది, ఎత్తు తగ్గితే క్యాంబర్, టో రెండూ మారతాయి, మరి ఖాళీ కారుని కొలిచి ఏం లాభం? టైర్లలో గాలి డోర్ స్టిక్కర్ మీదున్న 29 పీఎస్‌ఐకి నాలుగింటికీ సరిచేశాడు. సస్పెన్షన్ కీళ్లయిన బుష్‌లు, బాల్ జాయింట్లు చేత్తో ఊపి చూశాడు. వదులుగా ఉంటే అలైన్‌మెంట్ చేయను, ముందు అవి మార్చుకుని రా అంటాడట. చక్రాల కింద తిరిగే పళ్లేలు పెట్టి, కారుని ముందూ వెనకా కిందికి నొక్కి వదిలి, సస్పెన్షన్ తన చోటికి తాను వచ్చాక అప్పుడు చక్రాల కోణాలు కొలిచే కెమెరాలు ఆన్ చేశాడు.

పని వెనకనుంచి మొదలుపెట్టాడు. వెనక క్యాంబర్, తర్వాత వెనక టో. ఒక కామ్ బోల్టు (తిప్పితే ఆర్మ్‌ని జరిపే బోల్టు) చాలాసేపు మొండికేసింది, నూనె కొట్టి, వదిలి, మళ్లీ ప్రయత్నించి కదిలించాడు. మొదటి షాపువాళ్లు వెనక జోలికి ఎందుకు పోలేదో నాకు అప్పుడు అర్థమైంది. ముందు చక్రాల కింది ఆర్మ్‌లకి రెండేసి కామ్ బోల్టులు ఉంటాయి. రెండిటినీ ఒకే వైపు తిప్పితే క్యాంబర్ మారుతుంది, ఎదురెదురుగా తిప్పితే క్యాస్టర్ మారుతుంది. ఒకటి ఎక్కువ కావాలంటే ఇంకోటి కొంచెం వదులుకోవాలి, కాబట్టి కొంతసేపు బేరమాడినట్టే సాగింది, అర డిగ్రీలో పదోవంతు కోసం మళ్లీ మళ్లీ వంగి లేవడం. టో చివర్లో, ఎందుకంటే క్యాంబర్ కదిపితే టో దానంతటదే మారిపోతుంది. బోల్టులన్నీ కారు బరువు చక్రాల మీద ఉండగానే టార్క్ రెంచ్‌తో బిగించాడు. తర్వాత తనే నడిపి చూసుకొచ్చి, మళ్లీ లిఫ్ట్ ఎక్కించి ఇంకోసారి కొలిచాడు. ఈ రెండోసారి కొలవడం ఒక్కటే చాలు నాకు, ఎవరు చేస్తారండీ ఈ రోజుల్లో?

చివరికి పెట్టిన లెక్క: ముందు క్యాంబర్ రెండువైపులా మైనస్ 1.3, వెనక మైనస్ 1.5, ముందు టో సున్నా, వెనక టో రెండు చక్రాలకీ కలిపి 0.2 లోపలికి, సమానంగా. క్యాస్టర్ రెండువైపులా దాదాపు ఒకటే. ముందు చక్రాలని కొంచెం బయటికి చూసేలా పెడితే మలుపులోకి ఇంకా చురుగ్గా దూకుతుంది కదా అని అడిగాను. పార్కింగ్ లాట్‌లో కోన్‌ల మధ్య తిప్పేవాళ్లకి అది బాగుంటుంది, రోజూ 880 హైవే మీద వెళ్లేవాడికి వద్దు, చేతులు నొప్పెడతాయి, టైర్ల లోపలి అంచు తొందరగా అరుగుతుంది అన్నాడు. డబ్బులిస్తానన్నా వద్దనే మెకానిక్ మీద నాకు గౌరవం పెరుగుతుంది, ఏం చేస్తాం.

ఇక రోడ్డు మీద. షాపు నుంచి బయటికొచ్చిన మొదటి మైలులోనే స్టీరింగ్ నడిమధ్యలో, వేళ్లతో పట్టుకున్నా చాలు. అసలు పరీక్ష స్కైలైన్. 92 హైవే నుంచి 35 (అదే స్కైలైన్) ఎక్కి, 84 హైవే కలిసే చోట ఆలిసెస్ రెస్టారెంట్ దాకా, అక్కడినుంచి లా హోండా వైపు కిందికి. ఎడమ మలుపు ఇప్పుడు కుడి మలుపులాగే ఉంది. ఇది రాస్తుంటే చాలా చిన్న విషయంలా ఉంది గానీ, కారు నడిపేటప్పుడు మనసులో ఒక లెక్క పూర్తిగా పోయింది, ఏ వైపు మలుపు వస్తోంది, ఎంత ముందు తిప్పాలి అన్న లెక్క. ఒకసారి తిప్పి పట్టుకుంటే అక్కడే ఉంటుంది, మధ్యలో సరిదిద్దక్కర్లేదు. మలుపు మధ్యలో గతుకు తగిలినా వెనక భాగం పక్కకి అడుగేయకుండా కూర్చుంటోంది. పేజ్ మిల్ రోడ్డులో ఆ ఇరుకు మలుపుల్లో మరీ ముద్దొచ్చింది.

మారనివి కూడా రాయాలి. ఫ్యాక్టరీ సస్పెన్షన్ మియాటా మలుపుల్లో బాగా ఒరుగుతుంది, ఇప్పటికీ అంతే ఒరుగుతోంది, అలైన్‌మెంట్ దానికి మందు కాదు. లారీలు తిరిగి తిరిగి గాడులు పడ్డ చోట 880 మీద కారు ఆ గాడి వెంట కొంచెం తిరుగుతోంది, ఇంతకుముందు ఇంత తెలిసేది కాదు. టైర్ల లోపలి అంచు ఎలా అరుగుతుందో చూసుకుంటూ ఉండాలి, ఈ క్యాంబర్ పెద్ద ఎక్కువేమీ కాదు గానీ. ధర దాదాపు 280 డాలర్లు పడింది, చైన్ షాపులో ఇచ్చినదానికి రెండింతలు పైనే. సగం రోజు కారు అక్కడే. కామ్‌రీలో పిల్లల్ని స్కూల్లో దింపే పనికి ఇంత అక్కర్లేదు, దగ్గర్లో మంచి టైర్ల షాపు చాలు. ముందు చక్రాలకి మాక్‌ఫర్సన్ స్ట్రట్ (పై ఆర్మ్ బదులు షాకే చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్) ఉన్న స్పోర్ట్స్ కారైతే మీ మోడల్‌కి ఫ్యాక్టరీ నుంచి క్యాంబర్ సర్దుబాటు ఉందో లేదో ముందే అడగండి, చాలావాటికి విడిగా బోల్టులు గానీ ప్లేట్లు గానీ కొనాలి, బిల్లు ఇంకా పెరుగుతుంది.

సర్వీసుకి ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు ఫోన్ ఎత్తనందుకు, మూడుసార్లు చేస్తే ఒకసారి ఎత్తుతారు, మెసేజ్ పెడితే సాయంత్రానికి జవాబొస్తుంది. వెళ్లేవాళ్లు ట్యాంకు సగం ఉంచుకుని వెళ్లండి, ట్రంకులో సామాను తీసేయండి, పాత ప్రింటవుట్ ఉంటే తప్పకుండా పట్టుకెళ్లండి. కొత్త టైర్లు వేయించే ఆలోచన ఉంటే అవి వేయించాకే వెళ్లండి. కార్డు తీసుకుంటారు, టిప్ ఇవ్వబోతే తీసుకోరు.