జిమ్ భుజాలకు జంప్‌సూట్: ఏళ్ల తరబడి తొడిగాక

పైభాగం, ప్యాంటు కలిపి ఒకే డ్రెస్సుగా ఉండే జంప్‌సూట్ కొనేటప్పుడు అందరి కళ్లూ నడుము మీదే ఉంటాయి. ఈత, బరువులు అలవాటైన ఒంటికి అంతకంటే ముందు నిలువు కొలత చూసుకోవాలి. నాదీ అలాంటి ఒళ్లే. భుజాలు వెడల్పు, తొడలు గట్టి, నడుముకీ తుంటికీ పెద్ద తేడా లేదు. కొన్నేళ్లుగా ఆఫీసుకీ రిసెప్షన్లకీ ఇవే తొడుగుతున్నాను. రేయాన్, క్రేప్, డెనిమ్ అయ్యాయి, ఆ తర్వాత ఇక్కత్ కుట్టించుకున్నాను.

నిలువు కొలత తీయడం కష్టమేమీ కాదు. టేపు చివర భుజం మధ్యలో పెట్టి, ఛాతీ మీదుగా కిందికి దించి, కాళ్ల మధ్య నుంచి వెనక్కి తిప్పి మళ్లీ అదే భుజానికి తేవాలి. సాగని బట్టైతే దానికి 2, 3 అంగుళాలు కలపాలి. ఆన్‌లైన్ సైజు పట్టికల్లో ఛాతీ, నడుము, తుంటి ఇస్తారు గానీ ఇది ఇచ్చేవాళ్లు తక్కువ. అందుకే ట్రయల్ రూమ్‌లో నిలబడి అద్దం చూసుకుంటే సరిపోదు. రెండు చేతులూ పైకెత్తాలి, గొంతుక్కూర్చోవాలి. నిలబడితే బ్రహ్మాండంగా ఉన్న డెనిమ్ జంప్‌సూట్, మెట్రోలో పైన హ్యాండిల్ పట్టుకోగానే మొత్తం పైకి లాగేసి కాళ్ల మధ్య ఒరుసుకుపోతుంది. అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా చెయ్యి దించి నించోవాలంటే తెలుస్తుంది ఆ బాధ.

మెడ విషయంలో నా ఓటు వీ నెక్‌కే, లేదా చీరకుచ్చెళ్లలా ఒకదానిమీదొకటి వచ్చే ర్యాప్ ముందుభాగానికి. ఏటవాలు గీత పడితే ఛాతీ వెడల్పు విరుగుతుంది, నడుము ఉన్నట్టు కనిపిస్తుంది. భుజం నుంచి భుజం దాకా అడ్డంగా ఉండే బోట్ నెక్, బుట్ట చేతులు భుజాలకు మరో రెండంగుళాలు అతికించినట్టే. మెడ వెనక కట్టుకునే హాల్టర్ నెక్ వేస్తే భుజం కండ మొత్తం బయటపడుతుంది. దాచమని పత్రికల్లో రాస్తారు గానీ, కష్టపడి పెంచిన కండలు దాచుకోవడం ఎందుకో నాకర్థం కాదు. రిసెప్షన్లకు హాల్టరే వేస్తాను, పెద్ద జుంకాలతో. "పైన చున్నీ అయినా వేసుకోవే" అని అమ్మ అంటూనే ఉంటుంది.

కింది భాగం మాత్రం వదులుగానే ఉండాలి. తుంటి దగ్గర రెండు కుచ్చులు, పక్క జేబులు, పలాజోలా జారే కాళ్లు ఉంటే పై వెడల్పుకు కింద జత కుదురుతుంది. బొడ్డుకు కాస్త పైన, అదే బట్టతో బెల్టు. చీలమండ దగ్గర బిగిసిపోయే కాళ్లు తొడల్నే చూపిస్తాయి, వాటి జోలికి పోను.

రెడీమేడ్ తీసుకుంటే భుజానికి సరిపోయే సైజే కొని నడుము దగ్గర లోపలికి కుట్టించుకోవాలి. నడుముకని చిన్నది కొంటే భుజాల దగ్గర వదలడానికి కుట్టు లోపల బట్టే ఉండదు. కుట్టిస్తే ఆ తలనొప్పి లేదు. ఇక్కత్ పత్తి బట్టకి, మామూలు పన్నాలో, నాకు 4 మీటర్లు పట్టింది. ముందు నానబెట్టి ఆరేశాకే టైలర్ మాస్టర్‌కి ఇచ్చాను. "గింత ఫిట్టింగ్ పెడితే కూసుంటే పటక్కుమంటది మేడమ్" అని ఆయనే కాళ్ల మధ్య సల్వార్‌కి వేసే మియానీ లాంటి ముక్క వేశాడు. అంతకుముందు నా డ్రెస్సులన్నీ తొడల మధ్య కుట్టు దగ్గరే పోయేవి. ఇది ఇంకా చెక్కుచెదరలేదు. ఇక్కత్ చారలు నిలువుగా వచ్చేలా కత్తిరించమనండి, పొడుగ్గా కనిపిస్తారు. మొదటి ఉతుకుల్లో ఎరుపు దిగుతుంది, విడిగా ఉతకాలి.

వాడకంలో రేయాన్ ముందు అలిసిపోయింది. ఉతికిన కొద్దీ కుదించుకుపోయి నిలువు కొలతే తగ్గింది, తొడలు రాసుకునే చోట ఉండలు కట్టింది. పాలియెస్టర్ క్రేప్‌కి ఇస్త్రీ బాధ లేదు, ఏసీ ఆఫీసులో హాయి, మే నెల మధ్యాహ్నం ఆటోలో మాత్రం ఒంటికి అంటుకుపోతుంది. డెనిమ్ వానాకాలంలో తడిస్తే మర్నాటికీ ఆరదు.

బాత్రూమ్ సంగతి ఎవరూ చెప్పరు. లోపలికెళ్లగానే రెండు కాళ్లూ మోకాలి పైకి మడిచి, ఆ తర్వాతే పైభాగం విప్పాలి. లేదంటే పలాజో అంచులు తడి నేలని తుడిచేస్తాయి. వెనక జిప్ ఉంటే ఒక్కరే వేసుకోవడం గగనం, భుజాలు గట్టిగా ఉన్నవాళ్లకి చెయ్యి వెనక్కి అంత తిరగదు కూడా. ఇక్కత్‌కి ముందు గుండీలు పెట్టించింది అందుకే. వెనక జిప్ ఉన్న క్రేప్‌ని చెల్లెలు పక్కనుండే ఫంక్షన్లకే తీస్తున్నాను.